అరీథా ఫ్రాంక్లిన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎవరీవిడ?

అమెరికాలో సోల్ సంగీతానికి మహారాణి అని పేరుపడ్డ గాయని. 1942 మార్చి 25న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది, డెట్రాయిట్‌లో పెరిగింది, 2018 ఆగస్టు 16న ఆ డెట్రాయిట్‌లోనే కన్నుమూసింది. మహారాణి అన్నది వట్టి మాట వరసకి అన్నది కాదు. షికాగోలోని రీగల్ థియేటర్ స్టేజి మీద పర్విస్ స్పాన్ అనే రేడియో డీజే ఆమె తలమీద నిజంగానే కిరీటం పెట్టాడు.

గొంతు సంగతి అందరికీ తెలుసు. ఆమె ఎంత గట్టి పియానిస్టో చాలామందికి తెలీదు. నన్నడిగితే ఆవిడ కథలో సగం పియానో కథే. కింది జవాబుల్లో ఆ పియానో మాటిమాటికీ అడ్డొస్తుంది, విసుక్కోకండి.

సోల్ అంటే ఏ రకం సంగీతం?

నల్లజాతి అమెరికన్ల చర్చిల్లో గాస్పెల్ అనే భక్తిపాట ఉంది. ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు వంత పాడతారు, చప్పట్లు, కేకలు, మధ్యమధ్యలో ఏడుపులు. భజనలో ముందుపాట పాడేవాడికీ వెనకవాళ్లకీ మధ్య నడిచే పోటీ చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. 1950ల్లో రే చార్ల్స్, శామ్ కుక్ లాంటివాళ్లు ఆ పాడే తీరును అలాగే ఉంచి, దేవుడి స్థానంలో ప్రియుడినో ప్రియురాలినో పెట్టారు. అదే సోల్. దేవుడి సొమ్ము తీసుకెళ్లి సారా దుకాణంలో పెట్టారని చాలామంది భక్తులు మండిపడ్డారు కూడా.

అరీథా ఇంట్లో అభ్యంతరం చెప్పలేదా?

లేదు, అదే విశేషం. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్. మామూలు పాస్టర్ కాదు. ఆయన ప్రసంగాలు రికార్డులుగా దేశమంతటా అమ్ముడుపోయేవి. మాటగా మొదలైన ప్రసంగం చివరికి వచ్చేసరికి రాగమైపోయేది. కూతురి గొంతులోని ఆ ఎత్తుగడలు ఎక్కడివో తెలియాలంటే ముందు తండ్రి ప్రసంగం ఒకటి వినాలి. ఇంటికి వచ్చిపోయే చుట్టాల్లాంటి అతిథులు కూడా తక్కువవాళ్లు కాదు: గాస్పెల్‌లో పేరుమోసిన మహాలియా జాక్సన్, క్లారా వార్డ్, జేమ్స్ క్లీవ్‌లాండ్, ఇంకా శామ్ కుక్. చర్చి వదిలి బయటి పాటలకి వెళ్లడానికి శామ్ కుక్‌ని చూసే ఆమెకి ధైర్యం వచ్చింది. తండ్రి అడ్డుపడకపోగా వెనక నిలబడ్డాడు.

తల్లి బార్బరా కూడా పాడేది, పియానో వాయించేది. 1948లో భర్త నుంచి విడిపోయి బఫలో వెళ్లిపోయింది. పిల్లల్ని వదిలేసిపోయిందని చాలాచోట్ల రాస్తారు గానీ, ఆ మాట అబద్ధమని అరీథా ఎప్పుడూ ఖండిస్తూనే ఉంది. రాకపోకలు ఉండేవి. 1952 మార్చిలో, అరీథాకి పదేళ్లు నిండడానికి కొన్నాళ్ల ముందు, తల్లి చనిపోయింది.

పియానో ఎవరు నేర్పారు?

ఎవరూ నేర్పలేదు. తండ్రి మాస్టారిని పెడితే, ఆ చిన్నపిల్లల పాఠాలు భరించలేక ఆయన వచ్చే వేళకి దాక్కునేది. చెవితో విని వేళ్లతో పట్టుకోవడమే ఆమె చదువు. పద్నాలుగేళ్లకి, 1956లో, తండ్రి చర్చిలో పాడిన భక్తిపాటలు రికార్డయ్యాయి. ఆ పాత రికార్డు గరగరల మధ్య వినిపించేది పసిగొంతు కాదు. అంత బరువు ఆ వయసుకి ఎలా వచ్చిందని అడక్కుండా ఉండలేం. అప్పటికే తల్లిని పోగొట్టుకుంది, ఒక బిడ్డకి తల్లి కూడా అయింది. ఆ సంగతులు ఆమె తన నోటితో ఎక్కువ చెప్పలేదు, నేనూ చెప్పను.

పద్దెనిమిదేళ్లకే పెద్ద కంపెనీ దొరికింది కదా, మరి హిట్లకి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

1960లో కొలంబియా రికార్డ్స్ తరఫున జాన్ హామండ్ ఆమెను తీసుకున్నాడు. జాజ్ గాయని బిల్లీ హాలిడేను వెలికితెచ్చిన మనిషి, చెవి ఉన్నవాడు. కానీ కంపెనీకి ఈ పిల్లతో ఏం పాడించాలో తేలలేదు. ఒకసారి జాజ్, ఒకసారి నాటకాల పాట, ఇంకోసారి వయొలిన్ల వరదలో నెమ్మదైన ప్రేమగీతం. పాప్ చార్టుల్లో మొదటి నలభైలోకి వెళ్లింది ఒక్క పాటే. ఆ ఆరేళ్ల రికార్డులు చెత్త అనే వాదన నేనొప్పుకోను. గాయని డైనా వాషింగ్టన్‌కి నివాళిగా చేసిన 1964 నాటి ఆల్బమ్ ఇప్పటికీ తీసి వింటాను. అయితే వాటిలో చాలావాటిలో ఆమె ఎవరింటికో పెళ్లికి వచ్చిన అతిథిలా ఉంటుంది. వంటింట్లోకి వెళ్లనివ్వలేదు.

మరి 1967లో ఏం జరిగింది?

అట్లాంటిక్ రికార్డ్స్‌కి మారింది. అక్కడి నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ చేసిన పని చెప్పడానికి చాలా చిన్నది: ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు.

1967 జనవరి 24. అలబామా రాష్ట్రం, మజిల్ షోల్స్ అనే చిన్న ఊరు, రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియో. వాద్యకారులందరూ తెల్ల కుర్రాళ్లు. అలబామా అంటే అప్పట్లో నల్లవాళ్ల హక్కుల కోసం రక్తం కారిన నేల. ఈవిడ లోపలికొచ్చింది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు, పియానో దగ్గర కూర్చుని ఒక కార్డ్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) గట్టిగా నొక్కింది. అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పినదాన్ని బట్టి, ఆ ఒక్క మోతకి గిటార్లు, డ్రమ్ముల దగ్గరికి అందరూ పరుగులు తీశారు.

అయినా పాట కుదరలేదు. "ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్" నడక ఎవరికీ చిక్కడం లేదు. మూడు అడుగుల లయ, కుంటుతూ నడిచే బ్లూస్. చాలాసేపటికి స్పూనర్ ఓల్డ్‌హామ్ తన వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న ముక్క వాయించాడు. తెరిచీ తెరవని తలుపులా ఉంటుంది ఆ ముక్క. అంతే, అందరూ దానిమీద ఎక్కేశారు, పాట ఇట్టే అయిపోయింది. రికార్డు మొదలయ్యేది ఆ ముక్కతోనే.

ఆ రోజు అలా ముగిసినా బాగుండేది. అరీథా భర్త టెడ్ వైట్, ఒక ట్రంపెట్ వాద్యకారుడు ఇద్దరూ ఒకే సీసాలోంచి తాగుతూ మాటా మాటా అనుకున్నారు. రాత్రి సర్దిచెప్పడానికని రిక్ హాల్ హోటల్‌కి వెళ్తే అక్కడ కొట్లాటే అయింది. తెల్లారేసరికి భార్యాభర్తలు ఊళ్లో లేరు. వారం రోజుల పని అనుకున్నది ఒక్క రోజుతో ఆగింది. చేతిలో ఒకటిన్నర పాట. ఆ ఒకటినే వెక్స్‌లర్ రేడియో స్టేషన్లకి పంపితే ఫోన్లు ఆగలేదు. రికార్డు రెండో వైపు వేయడానికి పాట లేదు, పాడాల్సిన మనిషి ఆచూకీ లేదు. ఆమె దొరికాక మిగిలిన సగం న్యూయార్క్‌లో అక్క ఎర్మా, చెల్లెలు కరొలిన్ తోడుగా పూర్తిచేసింది. మళ్లీ అలబామా వెళ్లలేదు గానీ, అలబామా కుర్రాళ్లనే న్యూయార్క్ రప్పించారు.

"రెస్పెక్ట్" ఆమె రాసిన పాటేనా?

కాదు. ఓటిస్ రెడ్డింగ్ రాసి 1965లో తానే పాడాడు. ఆయన పాటలో ఒక మగాడు కష్టపడి సంపాదించి ఇంటికొచ్చి, నాకు కాస్త మర్యాద ఇవ్వమని ఇల్లాలిని బతిమాలతాడు. అరీథా 1967 ఫిబ్రవరి 14న అదే పాట అందుకుంది. మాటలు పెద్దగా మారలేదు, మాట్లాడే మనిషి మారింది. ఇప్పుడు డబ్బు ఆవిడ దగ్గర ఉంది, బతిమాలడం లేదు, అడగాల్సింది అడుగుతోంది.

రెస్పెక్ట్ అనే మాటలోని ఏడు ఇంగ్లీషు అక్షరాలనూ విడివిడిగా పలికే భాగం, వెనక గొంతులు తరుముకొచ్చే భాగం ఓటిస్ పాటలో లేవు. అవి అరీథా, కరొలిన్ కలిసి చేర్చినవి. ఇప్పుడు ఆ పాట అనగానే లోకానికి గుర్తొచ్చేది ఆ రెండే. మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సోఫోన్ వచ్చే చోట కూడా ఓటిస్ పాటలో లేని కొత్త కార్డులు పెట్టారు. వేరే పాటలోంచి ఎత్తుకొచ్చినవి, శామ్ అండ్ డేవ్ అనే జంట పాడినదాంట్లోంచి. జూన్‌లో అమెరికాలో నంబర్ వన్ అయింది. అదే నెలలో మాంటరీ సంగీతోత్సవంలో ఓటిస్ స్టేజి మీద నవ్వుతూ, ఈ పాటను ఒకమ్మాయి నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందన్నాడు. పాపం, ఆ ఏడాది డిసెంబర్‌లోనే విమానం కూలి చనిపోయాడు, 26 ఏళ్లకి.

అయితే ఆ పాటతో ఆమెకి డబ్బులు వెల్లువెత్తి ఉంటాయి?

రికార్డు అమ్మకాల వాటా వచ్చింది. రేడియో నుంచి మాత్రం పైసా లేదు. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే రాసినవాళ్లకి, ప్రచురణకర్తకి డబ్బు కడతారు, పాడినవాళ్లకి కట్టరు. యాభై ఏళ్లపాటు ఆ పాట ఏ స్టేషన్లో మోగినా చెక్కు వెళ్లింది ఓటిస్ వైపుకే. మర్యాద ఇవ్వమని అడిగే పాటకి పట్టిన గతి ఇది.

దీనికీ, ఆవిడ చేతిసంచికీ సంబంధం ఉందని నా అనుమానం. కచేరీకి ఒప్పుకున్నదాంట్లో కొంత ముందే నగదుగా చేతిలో పడాలి, లేకపోతే పాట లేదు. ఆ నోట్లు సంచిలో పెట్టుకునేది. సంచి గ్రీన్‌రూమ్‌లో వదిలేది కాదు, తనతో స్టేజి మీదికే తెచ్చేది. వింత అలవాటని నవ్వేవాళ్లున్నారు. నల్లజాతి కళాకారులతో పాడించుకుని డబ్బు ఎగ్గొట్టిన మేనేజర్ల కథలు వింటూ పెరిగినవాళ్లకి అందులో నవ్వాల్సిందేమీ కనపడదు.

సొంతంగా పాటలు రాయలేదా?

రాసింది. "థింక్" (1968, భర్త పేరు కూడా ఉంటుంది), "కాల్ మీ", "స్పిరిట్ ఇన్ ద డార్క్" (రెండూ 1970), "రాక్ స్టెడీ" (1971), "డే డ్రీమింగ్" (1972). చెల్లెలు కరొలిన్ కూడా మంచి రచయిత్రి. ఆమె రాసిన "ఎయింట్ నో వే"లో వెనక ఎక్కడో ఆకాశంలో ఒక గొంతు తేలుతూ ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు అదేదో వాద్యమనుకున్నాను. అది సిస్సీ హ్యూస్టన్ గొంతు, విట్నీ హ్యూస్టన్ తల్లి.

గొంతులో అంత గొప్పేముంది? గట్టిగా అరవడమేగా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. టీవీ పోటీల్లో ఆమెను అనుకరించేవాళ్లను విని అడుగుతారు. వాళ్లు ప్రతి అక్షరాన్నీ పది మెలికలు తిప్పుతారు. అరీథా అలా చేయదు. సాదాగా, దాదాపు మాట్లాడినట్టు నాలుగు ముక్కలు చెప్పి, ఐదో ముక్కలో ఒక్క మాట పట్టుకుని దాన్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్లి దించుతుంది. మన గమకంతో పోలుస్తారు గానీ సగమే కుదురుతుంది. గమకం రాగానికి కట్టుబడి ఉంటుంది, ఈవిడ మెలిక మాటకి కట్టుబడి ఉంటుంది. ఆ మాటకి అంత బరువు లేకపోతే మెలికా ఉండదు. ఇంకొకటి, తాళం కన్నా ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది. పియానో తన చేతిలోనే ఉంటే ఈ ఆలస్యం ఇంకా అందంగా ఉంటుంది, ఎందుకంటే వేళ్లకి ముందే తెలుసు గొంతు ఎప్పుడొస్తుందో.

పౌరహక్కుల ఉద్యమంలో ఆమె పాత్ర ఏమిటి?

మార్టిన్ లూథర్ కింగ్ ఆ కుటుంబానికి స్నేహితుడు. 1963 జూన్‌లో డెట్రాయిట్‌లో లక్షమందికి పైగా నడిచిన ఊరేగింపును కింగ్‌తో కలిసి నడిపించినవాడు ఆమె తండ్రే. కింగ్ కోసం నిధులు పోగుచేసే కచేరీల్లో అరీథా ఊరికే పాడింది. 1968లో ఆయన చనిపోతే ఆయనకిష్టమైన "ప్రెషస్ లార్డ్" పాడింది. 1970లో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ జైల్లో ఉన్నప్పుడు, జామీను లక్ష డాలర్లయినా రెండున్నర లక్షలయినా నేను కడతానని పత్రికాముఖంగా చెప్పింది. ఆ డబ్బు నల్లవాళ్లు నాకిచ్చిందే, వాళ్లకే వాడతానంది. తీరా బెయిల్ వచ్చిన వేళకి అరీథా విదేశంలో ఉండడంతో వేరొకరు పూచీ పడ్డారు. కానీ ఆ మాట అనడానికే అప్పట్లో గుండె కావాలి.

ఒక్క ఆల్బమే వినే టైముంది. ఏది వినాలి?

"అమేజింగ్ గ్రేస్". 1972 జనవరి 13, 14 రాత్రుళ్లు లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో, ఒకప్పుడు సినిమా హాలుగా ఉండి చర్చిగా మారిన న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో రికార్డయింది. పక్కన జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోరస్. పాప్ రాణి అయ్యాక తిరిగి భక్తిపాటకి రావడం దెబ్బ తీస్తుందని భయపడ్డవాళ్లున్నారు. ఆ ఆల్బమ్ ఇరవై లక్షలకి పైగా అమ్ముడైంది.

దానికి సినిమా కూడా ఉంది, 2018 దాకా ఎవరూ చూడలేదు. తీసినవాడు సిడ్నీ పొలాక్, పెద్ద దర్శకుడు. షాట్ మొదట్లో కొట్టే క్లాప్ బోర్డు కొట్టడం మరిచారు. దాంతో గంటల తరబడి బొమ్మకీ ధ్వనికీ జత కుదరలేదు. పెదాలు చదివేవాళ్లని పెట్టినా తేలలేదు. దశాబ్దాల తర్వాత అలన్ ఇలియట్ అనే నిర్మాత కంప్యూటర్ల సాయంతో జత కలిపితే, అరీథాయే కోర్టుకెళ్లి ఆపించింది. ఆమె పోయాక కుటుంబం ఒప్పుకుంది.

ఆ సినిమాలో ఆమె దాదాపు మాట్లాడదు. టైటిల్ పాట పాడుతుంటే క్లీవ్‌లాండ్ తట్టుకోలేక ఓ పక్కన కూర్చుని రుమాలులో ముఖం దాచుకుంటాడు. రెండో రాత్రి తండ్రి వస్తాడు, ముందు వరసలో క్లారా వార్డ్ పక్కన కూర్చుంటాడు. అరీథా పియానో దగ్గరికెళ్లి "నెవర్ గ్రో ఓల్డ్" మొదలుపెడుతుంది. లైట్ల వేడికి ముఖమంతా చెమట. రెండు చేతులూ మీటల మీద ఉన్నాయి, తుడుచుకోలేదు. తండ్రి లేచి వచ్చి, స్కూలుకెళ్లే పిల్లకి తుడిచినట్టు, ముఖం తుడుస్తాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంటుంది, పాట ఆగదు.

ఏడేళ్లకి, 1979 జూన్‌లో, దొంగలు ఇంట్లో చొరబడి ఆయన్ని కాల్చారు. ఐదేళ్లు స్పృహ లేకుండా ఉండి 1984లో పోయాడు. ఆయన్ని చూసుకోవడానికే ఆమె కాలిఫోర్నియా వదిలి డెట్రాయిట్ వచ్చేసింది.

1980ల్లో మళ్లీ ఎలా పుంజుకుంది?

"ద బ్లూస్ బ్రదర్స్" సినిమాలో (1980) హోటల్ నడిపే ఇల్లాలిగా, ఏప్రన్ కట్టుకుని "థింక్" పాడింది. కొత్త కుర్రాళ్లు ఈవిడెవరని అడిగారు. అరిస్టా కంపెనీకి మారాక 1985లో "ఫ్రీవే ఆఫ్ లవ్", 1987లో జార్జ్ మైకేల్‌తో పాడిన యుగళగీతం పెద్ద హిట్లు. నాకా డ్రమ్ మెషీన్ల మోత అంతగా ఎక్కదు.

విమానం ఎక్కేది కాదట, నిజమేనా?

నిజం. 1980ల మొదట్లో ఒక చిన్న విమానం కుదుపులకి హడలిపోయి మళ్లీ ఎక్కలేదు. అమెరికా అంతా బస్సులోనే తిరిగింది. యూరప్ అభిమానులకి ఆమె మళ్లీ కనపడలేదు.

ఒపెరా కూడా పాడిందా?

1998 గ్రామీ వేడుకలో ఒపెరా గాయకుడు పావరోటి గొంతు బాగోలేక చివరి క్షణంలో రాలేనన్నాడు. ఆయన పాడాల్సిన ఒపెరా పాట "నెస్సున్ డోర్మా"ను రెండ్రోజుల ముందే ఆయన గౌరవార్థం జరిగిన విందులో ఆమె పాడి ఉంది. రిహార్సల్ టేపు ఒకసారి విని, ఆయన శృతికి కట్టిన ఆర్కెస్ట్రాతోనే, స్టేజి మీదికెళ్లి పాడేసింది. ఒపెరా పండితులు పెదవి విరవొచ్చు. హాలంతా లేచి నిలబడింది.

ఎన్ని అవార్డులు?

18 గ్రామీలు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన మొదటి మహిళ, 1987లో. 2005లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. చనిపోయాక 2019లో పులిట్జర్ ప్రత్యేక గౌరవం.

ఒబామా ప్రమాణస్వీకారంలో ఆ టోపీ?

అక్కడ పాడుతూ ఆవిడ పెట్టుకున్న టోపీ, డెట్రాయిట్‌కి చెందిన లూక్ సాంగ్ కుట్టింది. పెద్ద బో, చుట్టూ మెరిసే రాళ్లు. ఆ చలికి గొంతు సహకరించలేదని ఆవిడ నొచ్చుకుంటే, జనం టోపీ కోసం ఎగబడ్డారు.

చివరి రోజులు, వీలునామా గొడవ సంగతి?

పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయింది. డెట్రాయిట్‌లోని నల్లజాతి చరిత్ర మ్యూజియంలో జనం చూడడానికి ఉంచారు, ఎర్ర గౌను, ఎర్ర హై హీల్స్‌తో. తర్వాతి రోజుకి బట్టలు మార్చారు, కచేరీలో విరామం తర్వాత మార్చుకున్నట్టు. తండ్రినీ, పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్‌నీ మోసిన 1940 నాటి లాసాల్ శవవాహనంలోనే తీసుకెళ్లారు.

వీలునామా లేదనే అందరూ అనుకున్నారు. 2019లో చేతిరాత కాగితాలు దొరికాయి: 2010 నాటివి తాళం వేసిన బీరువాలో, 2014 నాటివి సోఫా దిండ్ల కింద స్పైరల్ నోటుబుక్‌లో. ఏది చెల్లుతుందని కొడుకులు కోర్టుకెక్కారు. 2023 జులైలో జ్యూరీ గంటలోపే సోఫా కింది పుస్తకమే చెల్లుతుందని తేల్చింది. ఆ సంతకంలో ఒక నవ్వు ముఖం బొమ్మ కూడా ఉంది.

చివరగా, ఒక్క వీడియో చూడమంటే?

2015 కెన్నెడీ సెంటర్ వేడుక. సన్మానం పాటల రచయిత్రి కరోల్ కింగ్‌కి. ఆమె, గెర్రీ గాఫిన్, జెర్రీ వెక్స్‌లర్ పేర్ల మీదున్న "ఎ నాచురల్ ఉమన్" పాడడానికి 73 ఏళ్ల అరీథా వచ్చింది. పైన బాల్కనీలో కరోల్ కింగ్ తల పట్టుకుంటుంది, ఒబామా కన్ను తుడుచుకుంటాడు, చివర్లో అరీథా లేచి నిలబడి బొచ్చు కోటును భుజాల మీంచి జారవిడుస్తుంది. అందరూ ఆ కోటు గురించే చెబుతారు. మీరు మొదటి నిమిషం జాగ్రత్తగా చూడండి. నడిచొచ్చి, కూర్చునేముందు, చేతిసంచిని పియానో మీద, కంటికెదురుగా పెట్టుకుంటుంది. ఆ తర్వాతే మీటల మీద చెయ్యి వేస్తుంది.